ఇంటిని చూసి

ఐదు వందల పదకొండు.
పదో తరగతిలో సరిగ్గా ఇవే మార్కులొస్తే
నాన్న వీధంతా కోవాబిళ్ళలు పంచాడు.
అది ఆరు వందలకి.
ఇది ఎనిమిది వందల యాభైకి.

డేటన్‌లో ఆ అంకె నాకంటే ముందు మెట్లెక్కి
తలుపు తడుతుంది.
నేను వెళ్ళేసరికే
అద్దెల ఆఫీసు పిల్ల మొహం మీద
సారీ ఆరబెట్టి ఉంటుంది.

అప్లికేషన్‌కి యాభై డాలర్లు.
తిరిగి ఇవ్వబడవు అని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో.
ఆరు చోట్ల కాదనిపించుకోవడానికి
మూడు వందలు కట్టాను.
పైగా వాళ్ళు తెరిచి చూసినప్పుడల్లా
దిష్టి తగిలినట్టు ఇంకో నాలుగు పాయింట్లు రాలతాయి.
ఉప్పూ మిరపకాయలూ ఉన్నాయి గానీ
ఎవరి కంప్యూటర్ చుట్టూ తిప్పను?

అప్పు చేసి పప్పుకూడు అంటారు.
నేను తిన్నది పప్పుకూడు కాదు.
ఒక ఉద్యోగానికీ ఇంకో ఉద్యోగానికీ మధ్య
ఇన్సూరెన్సు లేని పదకొండు రోజుల సందు.
ఆ సందులోనే కిడ్నీలో రాయి కదిలింది.
ఆవగింజంత. డబ్బీలో వేసి చూపించారు.
అంత ఖరీదైన రాయి
మా వంశంలో ఎవరూ కొనలేదు.
ఇప్పుడు అదే ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నాను
రాత్రి షిఫ్టులో.

హఫ్‌మన్ వీధిలో, కిటికీకి ఆనించి ఒక అట్టముక్క.
"ఇల్లు అద్దెకు. ఓనరు లోపలే ఉంది."
మార్కర్ సిరా అయిపోయిందేమో
ఫోను నంబరు చివరి రెండంకెలూ పెన్సిల్‌తో.

వెర్నా స్టాంపర్.
ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు
తలుపులకి రబ్బరు బిగించిన వేళ్ళు.
ఆమె అడక్కముందే నా అంకె చెప్పేశాను,
రాయి సంగతి, సందు సంగతి,
కారు అద్దంలో చూసుకుంటూ
వారం రోజులు వల్లించిన క్రమంలోనే.
బయట వాన పడుతోందా అన్నట్టు విని,
"నీ కారెక్కడ పెట్టావు?" అంది.

"మనిషి ఇల్లెలా ఉంచుతుందో కారు చెబుతుంది.
మా ఆయన బతికున్నన్నాళ్ళూ అలాగే చూసి ఇచ్చాడు.
మోసపోయింది రెండుసార్లే."

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న మాట
ఒహాయో దాకా ఎవరు మోసుకొచ్చారో.
నాకు కాళ్ళు కదల్లేదు.
నలభై మూడు రాత్రులుగా
నా ఇల్లు ఆ కారే.

ఆమె వంగి, కిటికీలోంచి చూసింది.
కప్పు పెట్టే చోట టూత్‌బ్రష్.
హ్యాంగర్‌కి లాండ్రీ యూనిఫారం.
వెనక సీట్లో నాలుగు మడతల దుప్పటి,
ఆసుపత్రి మడత, అంచుకి అంచు.
ముందు సీట్లో రైస్ కుక్కరు, నిండా బియ్యం.
బెల్టు పెట్టుకోలేదని కారు ఒకటే అరుస్తుంటే
దానికీ బెల్టు పెట్టాను.

ఊపిరికి అద్దం మసకబారింది.
స్వెట్టర్ చేత్తో తుడిచి మళ్ళీ చూసింది.
ఆ నిమిషంలో నేను ఆలోచించింది
సిగ్గు గురించి కాదు,
దుప్పటి మీద ఒక వెంట్రుక ఉండిపోయిందేమోనని.

నడుం పట్టుకుని లేచింది.
బ్యాంకు ఊసెత్తలేదు. రాత్రుల ఊసెత్తలేదు.
కుక్కరు వైపు గడ్డంతో చూపించి,
"అదెన్ని వాట్లు?"

ఏడు వందలు, అన్నాను.
అంత పెద్ద అంకె నా గురించి అడిగినప్పుడు
నోట్లోంచి రావడం ఈ ఊళ్ళో అదే మొదలు.

"వంటింటి ఫ్యూజు నాకంటే ముసల్ది.
హీటరూ అదీ ఒకేసారి పెట్టకు.
డిపాజిట్ రెండు విడతల్లో ఇవ్వు.
గురువారం చెత్తబండి వస్తుంది."

తాళంచెవి కోసం లోపలికి వెళ్ళింది.
కుక్కరు బెల్టు విప్పబోయాను.
చలికి బటన్ బిగుసుకుపోయింది.
రెండు చేతులా నొక్కాను.